ఒక్కసారే అడిగిన కార్డు

నూర్‌బీ, నార్త్ డకోటా
అక్టోబరు 12, 1981

మార్లిస్‌కు అక్క రాసేది,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైందంటే తప్పు నాది కాదు, మీ వాషింగ్టన్‌ది. మీవాళ్ళు పంపిన కొత్త నిబంధనతో మా విద్యుత్ సహకార సంఘం ఆఫీసులో నాకు ఊపిరి సలపడం లేదు. కరెంటు చాలదని అనుమానం వస్తే చాలు, ముందుగానే ప్రభుత్వానికి చెప్పాలట. అలాంటి రోజు నిజంగా వస్తే ఎవరికి ఆపుతారో, ఎంతసేపు ఆపుతారో, జబ్బు మనుషుల్ని ఎలా కాపాడతారో ఆలోచించి ఒక ప్రణాళిక రాసి పంపాలట.

మా మేనేజరు ఓస్లండ్ గారి సంగతి నీకు తెలుసుగా. ఆ కాగితం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"మనకి కరెంటు ఎప్పుడు తక్కువైందమ్మా? మంచు తుఫానుకి తీగలు తెగాయి, స్తంభాలు పడ్డాయి. కరెంటు తక్కువ కావడమేమిటి?"

"అయితే ఏం చేస్తారో రాయమంటున్నారండీ."

"సర్దుకుంటాం అని రాయి."

ఆ ఒక్క ముక్కా రాసి పంపితే మీవాళ్ళు ఊరుకుంటారా? అందుకని నేనే ఒక ఉపాయం చెప్పాను. సభ్యులందరికీ ఒక కార్డు పంపాం. "కరెంటు ఆగితే మీ ఇంట్లో ఎవరి ప్రాణానికైనా ఇబ్బంది ఉందా? ఉంది, లేదు." అంతే. కార్డులన్నీ తిరిగొచ్చాయి. మన ఊరివాళ్ళు ఇలాంటి వాటిలో బుద్ధిమంతులు. అన్నిటి మీదా "లేదు" అనే ఉంది. కొందరు కింద ఒక వాక్యం కూడా చేర్చారు, "మాకేం ఫర్వాలేదు, అవసరమున్నవాళ్ళకి ఇవ్వండి" అని. మన పక్క పొలం బొర్గిల్డ్ పిన్ని అయితే "నా ఆవులకి నేనున్నాను" అని రాసింది. మొత్తం సంఘంలో కరెంటు అవసరమున్న ఇల్లు ఒక్కటీ లేదు. సున్నా.

నాకు ఒకటే నవ్వు. ఎవరింటికైనా వెళ్తే కాఫీ తాగుతారా అని అడుగుతారు. మొదటిసారి వద్దంటాం. రెండోసారి, మీకెందుకండీ శ్రమ అంటాం. మూడోసారి అడిగితే అప్పుడు, సరే, సగం కప్పు చాలు అంటాం. మొదటిసారికే సరేనన్న మనిషిని మన ఊళ్ళో నేను చూడలేదు. కార్డు ఒక్కసారే అడిగింది. పాపం దానికేం తెలుసు!

ఆ సున్నానే ప్రణాళికలో రాసి నిన్న పంపేశాం. మీ బావ బాగానే ఉన్నాడు. కోళ్ళు గుడ్లు తగ్గించాయి.

నీ అక్క,
సిగ్ని

వాషింగ్టన్
అక్టోబరు 25

అక్కా,

మీ సున్నా ఎవరి బల్ల మీదికి వచ్చిందనుకున్నావు? నా బల్ల మీదికే! ఇలాంటి ప్రణాళికలు చదివి, లోపాలుంటే తిప్పి పంపడమే ఇప్పుడు నా ఉద్యోగం. కవరు మీద నూర్‌బీ అన్న పేరు చూసి ఎగిరి గంతేశాను. లోపల చూశాక తల పట్టుకున్నాను.

మీరు నా సొంత మనుషులని మా పైఅధికారి ఒడెట్ గారికి వెంటనే చెప్పేశాను, ఫైలు ఇంకొకరికి ఇమ్మన్నాను. ఆవిడ లూసియానా మనిషి. గట్టిగా నవ్వుతుంది, అంతకంటే గట్టిగా మాట్లాడుతుంది.

"ఇస్తాలే. ముందు నాకో సంగతి చెప్పు. ఈ ఊళ్ళో జబ్బు మనుషులే లేరా?"

"ఉన్నారండీ. చెప్పుకోరు."

"ఎందుకు చెప్పుకోరు? మా ఊళ్ళో ఒక్కసారి అడిగి చూడు. వాడికేం కావాలో చెప్తాడు, వాళ్ళ మేనత్తకేం కావాలో చెప్తాడు, చచ్చిపోయిన తాతకేం కావాల్సొచ్చిందో కూడా చెప్తాడు."

కాఫీ సంగతి చెప్పాను. నమ్మలేదు. "అయితే రిటైరయ్యాక మీ ఊరే వస్తా. జబ్బుల్లేని ఊరు" అంది.

నవ్వులాటకేం గానీ, అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన ఊళ్ళో అమ్మే వచ్చి పెడతానన్నా వద్దంటారు! ఇంకో విచిత్రం చూశాను. కరెంటు తక్కువైతే ప్రతిసారీ మొదట ఊరికి ఉత్తర దిక్కున పోయే ఉత్తరపు లైను ఆపుతామని రాశారు. ఓస్లండ్ గారి ఇల్లు ఆ లైను మీదే కదా? తన లైను ముందు ఆపకపోతే ఊరు ఏమనుకుంటుందోనని ఆయన భయం. నాకు తెలీదా? కానీ ఆ లైను మీద మీరూ ఉన్నారు. సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద ఉన్న రోజున ఆయన మొహమాటానికి మీరంతా ఎందుకు గడ్డకట్టాలి? నిబంధన తేటగా చెప్తోంది, ఏ ఒక్కరికీ ప్రత్యేకంగా నష్టం జరగకూడదని. మేనేజరుకైనా సరే.

ప్రణాళిక తిరిగి వస్తుంది, అధికారిక ఉత్తరంతో. అది నా సంతకంతో కాదు, భయపడకు.

థాంక్స్‌గివింగ్‌కి సెలవు దొరికేలా ఉంది. రానా?

మార్లిస్

నూర్‌బీ
నవంబరు 15

మార్లిస్‌కు,

వద్దులే. రైలు ఖర్చు, చలి, పైగా నీ పాత గది నిండా సామాను పెట్టాం. నీకెందుకు శ్రమ? పండక్కి మేం కూడా ఏమీ చేయడం లేదు. మీ బావకి కాస్త నీరసంగా ఉంటోంది, అంతే. అక్కడే నీ స్నేహితులతో హాయిగా గడుపు.

మీ అధికారిక ఉత్తరం వచ్చింది. ఓస్లండ్ గారు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. తాళం వేస్తే అందులోని మాటలు చచ్చిపోతాయని ఆయన నమ్మకం కాబోలు. "లైన్ల వరస మార్చమంటున్నారండీ" అని అన్నాను.

"నా లైనుని నేనే వెనక్కి జరుపుకోనా? రేపు చర్చిలో ఎవరి మొహం చూడను?"

"లైను మీ ఒక్కరిదీ కాదుగా."

"ఎవరూ ఏమీ అనలేదుగా?"

ఎవరూ ఏమీ అనరు. అదే కదా మన ఊరు.

నీకు చెప్పవచ్చో లేదో తెలియదు గానీ, చెప్తున్నాను. మాకు కరెంటు అమ్మే విద్యుత్ కేంద్రం నుంచి పోయిన వారం ఫోన్ వచ్చింది. ఒక బాయిలరు పాడైందట, దాని విడిభాగం వసంతకాలం దాకా రాదట. మామూలు చలికైతే సర్దుకుంటుంది. గట్టి చలి పట్టిందంటే అందరికీ చాలదు. ఓస్లండ్ గారు ఫోన్ పెట్టేసి మళ్ళీ పాత లెక్కల్లో పడ్డారు. "ప్రభుత్వానికి చెప్పాలి కదండీ" అన్నాను. "ఆ చలి రానీ చూద్దాం. రాకముందే చెప్పుకుంటే చెయ్యి చాపినట్టుంటుంది" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాడు మార్లిస్. నువ్వు చిన్నప్పుడు మంచులో తప్పిపోతే వెతికిన వాళ్ళలో ఆయనే ముందున్నాడు. ఆ సంగతి మరిచిపోకు.

సిగ్ని

వాషింగ్టన్
నవంబరు 28

అక్కా,

మరిచిపోలేదు. అందుకే తిట్టడం లేదు, అర్థమయ్యేలా చెప్తున్నాను. నిబంధన ఉన్నదే దీనికోసం. తక్కువ అవుతుందని తెలిసిన రోజే చెప్పాలి, తక్కువైన రోజు కాదు. ముందే చెప్తే పక్క రాష్ట్రాలవాళ్ళ దగ్గర మిగులు ఉందేమో వెతకవచ్చు. రేడియోలో చెప్పవచ్చు, జనం కట్టెలు పేర్చుకుంటారు. చీకటి పడ్డాక చెప్తే ఎవరేం చేస్తారు? మంచు తుఫాను వస్తోందని పక్క రైతుకి కేకేస్తే అది అడుక్కోవడమా? ఈ మాట ఓస్లండ్ గారికి నా పేరు లేకుండా చెప్పు.

ఇక రెండో సంగతి. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి చూశాను. ఈ ఏడాది వసంతం నుంచి బావ ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇదివరకు నీ ఉత్తరం చివర తప్పకుండా ఒక వెటకారం ఉండేది, "వాషింగ్టన్‌లో ఆవుల రేటెంత?" అని. ఎక్కడ పోయింది ఆ వెటకారం? పాత గదిలో ఏం సామాను పెట్టారు? ఉన్న సామానే రెండు కుర్చీలు కదా మీకు.

బావ ఎలా ఉన్నాడు అక్కా? నిజం చెప్పు.

మార్లిస్

నూర్‌బీ
డిసెంబరు 10

మార్లిస్,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే జవాబు రాద్దామని కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. ఈలోగా జరగాల్సింది జరిగింది, ఇక దాచి లాభం లేదు.

మీ బావకి రెండు కిడ్నీలూ పోయాయి. మార్చిలో తెలిసింది. ఫార్గో ఆసుపత్రిలో ఆరు వారాలుండి, ఇంట్లోనే రక్తం శుభ్రం చేసే పని నేర్చుకుని వచ్చాను. నీ పాత గదిలో ఉన్న సామాను అదే, మిషను. వారానికి మూడు మధ్యాహ్నాలు ఆర్విడ్ దాని పక్కన పడుకుంటాడు. రక్తమంతా గొట్టాల్లోంచి బయటికొచ్చి, శుభ్రమై, లోపలికి వెళ్తుంది. నేను పక్కన కూర్చుని చూస్తుంటాను. నీకు చెప్పవద్దని ఆర్విడ్ అన్నాడు. నిజానికి తను అనకపోయినా నేను చెప్పేదాన్ని కాదు.

మొన్న మంగళవారం హఠాత్తుగా గట్టి చలి విరుచుకుపడింది. నేను మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చేసి ఆర్విడ్‌ని మిషనుకి కలిపాను. అంతా బాగానే నడుస్తోంది. కిటికీలో ఇంకా వెలుతురుంది. టప్పున లైటు పోయింది, మిషను ఆగింది. హెచ్చరిక గంట మాత్రం బ్యాటరీతో మోగుతోంది. రక్తం గొట్టాల్లో అలాగే నిలబడిపోయింది. అలా ఉంచితే గడ్డకడుతుంది, ఆ రక్తమంతా పోయినట్టే. ఒక్కొక్కసారి మనిషే పోతాడు.

మిషనుకి ఒక పిడి ఉంటుంది, చేత్తో తిప్పాలి. ఫార్గోలో నేర్పించారు. ఎప్పుడూ అవసరం రాలేదు. తిప్పాను. ఇంకా వేగంగా తిప్పాను.

"నెమ్మదిగా తిప్పవే, వెన్న చిలుకుతున్నావా?" అన్నాడు ఆర్విడ్.

"నోరు మూసుకో."

"మూసుకుంటే బతికున్నానో లేదో నీకెలా తెలుస్తుంది?"

తన మొహం గోడకి వేసిన సున్నంలా ఉంది, అయినా వెటకారం పోలేదు. రక్తమంతా లోపలికి పంపి సూదులు తీసేసరికి నా భుజాలు నావి కావు. అప్పుడు వాకిట్లో ట్రాక్టరు చప్పుడు. బొర్గిల్డ్ పిన్ని! డెబ్బై దాటిన మనిషి, మగవాళ్ళ కోటు వేసుకుని, పాలు పితికే మిషన్ల కోసం కొనుక్కున్న జనరేటరుని ట్రాక్టరు వెనక కట్టుకుని వచ్చింది.

"తలుపు తియ్యవే! వైరెక్కడ పెట్టాలి?"

"పిన్నీ, మీ ఆవులో?"

"అవి ఆగుతాయి. పొదుగు నొప్పెడితే నన్ను తిట్టుకుంటాయి, అంతేగా?"

ఆమె వెనకాల లైన్‌మన్ గేలార్డ్. లోపలికి రాలేదు, గుమ్మంలోనే టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. విద్యుత్ కేంద్రం నుంచి ఫోన్ వచ్చిందట, వెంటనే తగ్గించమని. ప్రణాళికలో మొదట ఉత్తరపు లైను అని ఉంది. ఓస్లండ్ గారు ఆపమన్నారు.

"స్విచ్చు దించింది నేనేనమ్మా. దించి నేరుగా పిన్ని దగ్గరికి పరిగెత్తా."

"మా ఇంటికి మందపాటి వైరు వేసింది నువ్వేగా గేలార్డ్. మిషను సంగతి నీకు తెలుసు. మరి ఆఫీసులో ఎందుకు చెప్పలేదు?"

వాడు నేల చూశాడు. "మీ కార్డు మీద మీరే 'లేదు' అని రాశారుగా. మీ మాట కాదని నేనెట్లా చెప్పను?"

అవును మార్లిస్. నేను చూసి నవ్విన ఆ సున్నాలో నా ఇల్లూ ఉంది. రాసేటప్పుడు ఒక్క క్షణం పెన్ను ఆగింది కూడా. మాకేం, మేం సర్దుకుంటాం, మాకంటే కష్టంలో ఉన్నవాళ్ళుంటారు అనుకున్నాను. ఊళ్ళో ప్రతి ఒక్కరూ అదే అనుకున్నారు.

ఆర్విడ్ క్షేమంగానే ఉన్నాడు. ఈసారి నిజంగానే చెప్తున్నాను. కానీ బాయిలరు ఇంకా బాగవలేదు, చలికాలం ఇంకా మొదట్లోనే ఉంది. మళ్ళీ ఆపితే మళ్ళీ మా లైనే.

సిగ్ని

వాషింగ్టన్
డిసెంబరు 17

అక్కా,

కోపంగా ఉంది. కోళ్ళు గుడ్లు తగ్గించాయని రాశావు, బావ కిడ్నీల సంగతి రాయలేదు. నీ ఉత్తరం ఆఫీసులో చదివి ఏడ్చేశాను. ఒడెట్ గారు చూసి ఏమీ అడగకుండా నా కాగితాలన్నీ తన బల్ల మీదికి లాక్కుంది.

నన్నూ తిట్టుకుంటున్నాను. ఎలా ఉన్నాడని అడిగితే బాగున్నాడన్నావు, నేను నమ్మేశాను. ఈ ఊళ్ళో పదేళ్ళుండి మన పద్ధతే మరిచిపోయాను. మొదటి జవాబుని నమ్మే మనిషినైపోయాను.

సరే. రెండోసారి అడుగుతున్నాను. రానా? నాకా పని నేర్పించు. నువ్వొక్కదానివి ఎన్నాళ్ళు చేస్తావు?

మార్లిస్

నూర్‌బీ
జనవరి 10, 1982

మార్లిస్‌కు,

నీకెందుకమ్మా శ్రమ. ఉద్యోగం వదులుకుని ఇక్కడేం చేస్తావు? నేను చేసుకోగలను. కోపం తగ్గించుకో. ఇక్కడ జరిగింది విను, కొంచెమైనా సంతోషిస్తావు.

కరెంటు పోయిన ఆ రోజు తర్వాత ఓస్లండ్ గారు మా ఇంటికొచ్చారు. వాళ్ళావిడ చేసిన బంగాళాదుంప రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చారు. వాతావరణం గురించి మాట్లాడారు. రోడ్ల గురించి మాట్లాడారు. మా కుక్క వయసెంతని అడిగారు. చివరికి టోపీ ఒళ్ళో తిప్పుతూ అన్నారు.

"సిగ్నీ, రాజీనామా రాసిచ్చేద్దామనుకుంటున్నా."

"మీరు పోతే ప్రణాళిక ఎవరు రాస్తారండీ?"

"రాసిన ప్రణాళిక చూశాంగా. నా పరువు కోసం ఆర్విడ్ ప్రాణం మీదికి తెచ్చా."

ఆర్విడ్ మంచం మీంచే కేకేశాడు. "మీరొక్కరే తెచ్చారా? మా ఆవిడ కూడా ఒక చెయ్యి వేసింది. ఆ కార్డు రాసింది తనేగా!"

ఓస్లండ్ గారు నవ్వలేదు గానీ, టోపీ తిప్పడం ఆపారు. అప్పుడు చెప్పాను నా మనసులోని మాట. మనవాళ్ళని నీకేం కావాలని అడిగితే ఏమీ వద్దంటారు. పక్కవాళ్ళకేం కావాలని అడిగితే? నోట్లో నువ్వుగింజ నానదు కదా ఎవరికీ!

కొత్త కార్డు వేశాం. "కరెంటు ఆగితే మీ చుట్టుపక్కల ఎవరి గురించి మీకు బెంగ?" అంతే రాశాం. కింద నాలుగు గీతలు ఖాళీ.

చాలలేదు మార్లిస్! కార్డుకి రెండు వైపులా రాసి, అంచుల్లో రాసి, వేరే కాగితాలు అతికించి పంపారు. పోస్టుమాస్టరు "ఎన్నికలేమన్నా వచ్చాయా?" అని అడిగాడు. చర్చి పక్కింటి ముసలాయనకి ఊపిరి మిషను ఉందని ముగ్గురు రాశారు. పురిటికి దగ్గరపడిన అమ్మాయి ఒంటరిగా ఉందని ఒకరు. ఆ ముసలాయనకి ఆ అమ్మాయి గురించే బెంగ, ఆ అమ్మాయికి ఆ ముసలాయన గురించి. బొర్గిల్డ్ పిన్ని అయితే ఎవరింటి కట్టెలు తడిసి ఉన్నాయో, ఎవరి పొగగొట్టం పగిలిందో కూడా రాసింది, దాంతోపాటు వాళ్ళు ఎంత సోమరులో కూడా. మా ఇంటి గురించి ఎంతమంది రాశారో నీకు చెప్పను, చెప్తే మళ్ళీ కళ్ళనీళ్ళు వస్తాయి. మేం గుట్టుగా ఉన్నామనుకున్నాం, ఊరంతా తలుపు బయట నిలబడే ఉంది.

ఓస్లండ్ గారి గురించి కూడా వచ్చాయి. "మేనేజరు గారు నిద్రపోవడం లేదు, ఆయన ఇంట్లో లైటు తెల్లవార్లూ వెలుగుతోంది, ఎవరైనా చూడండి" అని. ఆ కార్డు ఆయనకి చూపించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత సొరుగు తాళం తీసి మీ అధికారిక ఉత్తరం బయట పెట్టారు.

"ఇందులో మేనేజరు లైనైనా సరే, మొదట ఆపకూడదని ఉందా?"

"ఉందండీ. అన్ని లైన్లకీ వంతులు వెయ్యాలి."

"అయితే నేను అడిగినట్టు కాదు. వాషింగ్టనే చెప్పింది."

"వాషింగ్టనే చెప్పిందండీ."

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నిబంధనలు ఇలా కూడా పనికొస్తాయని మీవాళ్ళకి తెలుసా?

కొత్త ప్రణాళిక పంపాం. లైన్లకి వంతులు. ఆపే ముందు ఒక గంట వ్యవధి ఉండేలా, బెంగ ఉన్న ఇళ్ళన్నిటికీ ఫోన్. ఏ రైతు జనరేటరు ఏ ఇంటికి పోవాలో కూడా రాశాం. ఫిబ్రవరిలో కరెంటు తక్కువ కావచ్చని ముందస్తు నివేదిక కూడా పంపాం. "చెయ్యి చాపినట్టు కాదుగా?" అని ఓస్లండ్ గారు సంతకం పెడుతూ అడిగారు. నీ మాటే నా మాటగా చెప్పాను, పక్క రైతుకి కేకేసినట్టేనండీ అని.

ఇదంతా కాగితం మీద. చలి ఇంకా రాలేదు. కాగితం ఎంతవరకు నిలబడుతుందో దేవుడికే తెలియాలి.

సిగ్ని

వాషింగ్టన్
జనవరి 28

అక్కా,

మీ ప్రణాళిక ఆమోదించారు. చూసింది నేను కాదు, ఇంకొకాయన. ఆయనకి మీరెవరో తెలియదు. చదివి ఒడెట్ గారి దగ్గరికి వెళ్ళి, "ఇందులో బొర్గిల్డ్ అనే ఆవిడ ప్రభుత్వ ఉద్యోగా?" అని అడిగాడట. ప్రతి పేజీలో ఆమె పేరే ఉందిగా!

ఒడెట్ గారు మీ రెండో కార్డు మీద ప్రశ్నని తన గోడకి అంటించుకుంది. "మీ ఊళ్ళో జబ్బులున్నాయన్నమాట. అయితే రిటైరయ్యాక రాను" అంది. తర్వాత మెల్లిగా, "మా అమ్మ చివరి రోజుల్లో ఎవరూ ఇలా అడగలేదు" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలో ఇంకా నూర్‌బీ ఉన్నట్టుంది.

మీ నివేదిక అందగానే పక్క రాష్ట్రాల సంఘాలకి కబురు వెళ్ళింది. మిగులు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. కానీ అందరికీ తెలుసు ఇప్పుడు.

ఇక నా సంగతి. సెలవు అడిగాను, ఇచ్చారు. ఆరు వారాలు ఫార్గోలో నేర్చుకోవడానికి, ఆపైన ఇంకొన్నాళ్ళు నీ దగ్గర. ప్రతి వేసవికీ వచ్చి నీకు విశ్రాంతి ఇవ్వవచ్చు. బావకి ఇష్టం లేకపోతే ఆవుల రేటు చెప్పి ఒప్పిస్తాను.

మొదటిసారి వద్దన్నావు. రెండోసారి శ్రమెందుకన్నావు. ఇదిగో, మూడోసారి. రానా అక్కా?

మార్లిస్

నూర్‌బీ
ఫిబ్రవరి 20

మార్లిస్‌కు,

వచ్చింది. చలి అంటే మామూలు చలి కాదు, పాలు బాల్చీలోనే గడ్డ. పొద్దున్నే విద్యుత్ కేంద్రం నుంచి ఫోన్, ఈ రోజు చాలదని. రేడియోలో చెప్పారు. నేనూ ఇంకో ఇద్దరమ్మాయిలూ ఫోన్ల ముందు కూర్చున్నాం. "మీ వంతు ఫలానా గంటకి, మీ ఇంటికి ఫలానావాళ్ళు వస్తారు" అని చెప్తుంటే మనవాళ్ళ జవాబు వినాలి నువ్వు. "అయ్యో, మాకొద్దు, వాళ్ళనే శ్రమ పడొద్దనండి!" నేను మాత్రం ఈసారి మొహమాటపడలేదు. "మిమ్మల్ని అడగడం లేదండీ, చెప్తున్నాను" అనేశాను.

మొదటి వంతు ఊరి లైనుకి పడింది. అక్కడ ఒకాయన ఫోన్ చేసి కాఫీ చల్లారిపోయిందని గొణిగాడు. ఓస్లండ్ గారు ఆయన మాట ఓపిగ్గా విని, ఫోన్ పెట్టేసి, "మొదటిసారి! మొదటిసారి ఒకడు నోరు తెరిచి అడిగాడు!" అని మురిసిపోయారు.

మా లైను వంతు సాయంత్రం. ఫోన్లు మిగతా ఇద్దరికీ అప్పగించి ఇంటికొచ్చి, ఆర్విడ్‌ని మిషనుకి కలిపి, వంతుకి ముందే ముగించేశాం. అయినా చెప్పిన గంటకి బొర్గిల్డ్ పిన్ని ట్రాక్టరుతో వాకిట్లో ఉంది. "అవసరం పడలేదు పిన్నీ" అన్నాను. "అది నీకు తెలిసిన సంగతి. నా కార్డు మీద మీ ఇల్లుంది" అంది. గేలార్డ్ స్విచ్చు దించాడు, చెప్పిన సమయానికి ఎత్తాడు. ఈసారి టోపీ తీయకుండా గుమ్మంలోంచి చెయ్యి ఊపి పోయాడు. ముసలాయన ఊపిరి మిషను ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆ అమ్మాయికి కొడుకు పుట్టాడు, లైటు ఉండగానే. రెండో రోజుకి పక్క రాష్ట్రం నుంచి కరెంటు వచ్చింది, మీరు వేసిన కేక విని. మూడో రోజున ఆపాల్సిన పనే లేకపోయింది.

అంతా అయ్యాక నేను భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను, సూపు తాగుదామని. కళ్ళు తెరిచేసరికి చెంచా చేతిలో లేదు, ఒంటి మీద బొర్గిల్డ్ పిన్ని కోటు ఉంది. ఆమె ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది.

"ఎన్నాళ్ళయిందే నువ్వు సరిగ్గా నిద్రపోయి?"

"బాగానే పోతున్నాను పిన్నీ."

"ఎన్నాళ్ళయింది?"

"ఫర్వాలేదు, నేను..."

"సిగ్నీ. ఎన్నాళ్ళయింది?"

మార్చి నుంచి అన్నాను. అని ఏడ్చాను. పక్క గదిలోంచి ఆర్విడ్, "చెల్లిని రమ్మని రాయవే. నా సూదులంటే దానికి భయమేస్తే, కళ్ళు మూసుకోమని నేను చెప్తా" అన్నాడు. నీ ఉత్తరాలు తను దొంగతనంగా చదువుతున్నాడని ఇప్పుడే తెలిసింది. ఆవుల రేటు కూడా రాసి పంపమన్నాడు.

మార్లిస్, నేను అలసిపోయాను. నువ్వు కావాలి నాకు. రా.

నీ పాత గదిలో మిషను ఉంది కాబట్టి ముందు గదిలో పక్క వేశాను. స్టేషనుకి గేలార్డ్ వస్తాడు, వద్దనకు. ఇంటికి రాగానే కాఫీ ఇస్తాను. ఒక్కసారే అడుగుతాను, చెప్తున్నా.

నీ అక్క,
సిగ్ని